ఆయిలింజను విషయమున ఒక విచారణ

పాతబడిన వస్తువును బాగుచేయించుకొని వాడుకొనుట మేలా, దానిని తీసివేసి క్రొత్తదానిని కొనుట మేలా యను ప్రశ్న ప్రతి గృహస్థునకును ఎప్పుడో యొకప్పుడు ఎదురగుచునే యుండును. గొడుగు మొదలుకొని ఇల్లు వఱకు ఈ ప్రశ్నకు లోబడని వస్తువు లేదు. కొత్త ఒక వింత, పాత ఒక రోత యని లోకులందురు. పాతదే బంగారమనువారును మనలో కలరు. ఈ రెండు మాటలును మనస్సు యొక్క మొగ్గును తెలుపునే గాని లెక్కను తెలుపవు. మా కుటుంబమునకు చెందిన యొక ఆయిలింజను విషయమై 2024వ సంవత్సరమున మేము చేయవలసివచ్చిన విచారణను విద్యార్థులకును, వారి తలిదండ్రులకును తెలుపుట ఉపయోగకరమని తోచి యీ వ్యాసమును వ్రాయుచున్నాము. మన విద్యార్థులలో పెక్కుమంది సేద్యగాండ్ర బిడ్డలు గాన, వారి యిండ్లలోను నేడో రేపో ఈ ప్రశ్న పుట్టవచ్చును.

మా తమ్ముడు మోపిదేవి చెంతనున్న లంకలో రెండెకరముల సొంత భూమిని, ఎకరము కౌలు భూమిని సేద్యము చేయుచున్నాడు. లంక భూమి సారవంతమైనది. నది తెచ్చి పఱచిన ఒండ్రు వలన అందు పసుపు, కంద, అరటి, మొక్కజొన్న చక్కగా పండును. అయితే డెల్టా కాలువల నీరు ఆ భూమికి రాదు. పైరునకు తడి పెట్టవలెనన్న నదీపాయ నుండి తోడుకొనవలసినదే. 1990వ సంవత్సరము మే నెలలో మన తీరమును తాకిన పెనుతుపాను మా తోటను నేలకూల్చెను. మఱుసటి యేట మా తండ్రిగారు అప్పు చేసి 5 అశ్వశక్తుల డీజిలు ఇంజనును, దానికి తగిన పంపును కొనిరి. అప్పటికి మాకు పదేండ్ల ప్రాయము. తెల్లవారుజామున లంకలో ఆ ఇంజను మ్రోగుట వినబడినచో మా తల్లిగారు పొయ్యి రాజవేయుచుండెడివారు. ఆ ఇంజను తోడిన నీటి వలననే మా చదువు సాగినదని చెప్పిన అతిశయోక్తి కాదు. మా తండ్రిగారు గతించిన పిమ్మట అది తమ్ముని చేతికి వచ్చెను.

2024వ సంవత్సరము సెప్టెంబరు మొదటి దినములలో కృష్ణకు వచ్చిన వరద చదువరులకు జ్ఞాపకముండకపోదు. విజయవాడ వద్ద ప్రకాశం బ్యారేజీని దాటి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు వచ్చెను. 1957లో ఆ బ్యారేజీ పూర్తియైన నాటి నుండి అంత నీరు వచ్చియుండలేదు. 2009వ సంవత్సరము అక్టోబరు నాటి మహా వరదయు 11.10 లక్షల క్యూసెక్కులే. మా లంక మునిగెను. పసుపు కుళ్ళెను, అరటి పడిపోయెను. నూటయేబది కిలోలకు మించిన ఇంజనును గట్టునకు చేర్చుటకు ఆ రాత్రి మనుష్యులు చాలలేదు. మూడు దినములు అది నీటి క్రిందనే యుండెను.

నీరు తీసిన పిమ్మట మా తమ్ముడు దానిపైనున్న బురదను కడిగెను గాని హ్యాండిలును మాత్రము ముట్టలేదు. ఇది మిక్కిలి వివేకమైన పని. గాలిని నొక్కిన అది కుదించుకొనును. నీరు అట్లు కుదించుకొనదు. సిలిండరులో నీరు నిలిచియుండగా ఇంజనును త్రిప్పినచో పైకి వచ్చు పిస్టను ఆ నీటిని ఢీకొని, దానిని మోయు కనెక్టింగు రాడ్డు వంగిపోవును. పొరుగు చేనివారి ఇంజనుకు అట్టి గతియే పట్టెను. మునిగిన ఇంజనును ముందుగా విప్పి, నీరు కలిసిన ఆయిలును డీజిలును తీసివేసి, లోపలి భాగములను కడిగి, నూనె పూసి యుంచవలెను. ఆలసించినకొలది త్రుప్పు పట్టును. నీటను మునిగినంత మాత్రమున ఇంజను చావదు. మునిగిన దానిని తొందరపడి త్రిప్పుట వలనను, మఱచి వదలివేయుట వలనను అది చచ్చును.

వరదకు పూర్వమే ఆ ఇంజనుకు జబ్బు సూచనలు కనబడుచుండెను. చలి దినములలో అది సులభముగా లేవదు. సైలెన్సరు నుండి నీలి పొగ వచ్చుచుండెను. ఆయిలు త్వరగా తఱుగుచుండెను. ఇట్టి స్థితిని మన మెకానిక్కులు "బోరునకు వచ్చినది" అని యందురు. కావున తమ్ముడు మా యొద్దకు వచ్చి, "అన్నయ్యా, ముప్పది మూడేండ్లు పనిచేసినది. దీని కాలము తీరినది. ఉన్న డబ్బుతో క్రొత్తది తెచ్చుకొందము" అనెను. మా తల్లిగారు అందులకు సమ్మతింపక, "మీ నాయన అప్పు తీర్చుటకు ఎన్ని పూటలు పస్తులున్నాడో మీకు తెలియదు. దానిని పాతయినుముల వానికి తూచి యిత్తురా?" అని కంట నీరు పెట్టుకొనిరి. ఇద్దఱును మా వైపు చూచిరి. ఇంట పెద్దవారమగుట చేతను, చదువుకొన్నవారమని వారి నమ్మకము చేతను తీర్పు చెప్పవలసిన భారము మాపై పడెను.

తమ్ముడు చెప్పిన "ఉన్న డబ్బు" సంగతి ఇచట చెప్పవలెను. పంట పోయిన యేడు అది. ఇంటిలో మిగిలినది ఒక క్రొత్త ఇంజను వెలకు సరిపోవునంత మాత్రమే. ఆ సొమ్ము నుండియే శీతకాలపు మొక్కజొన్నకు విత్తనమును ఎరువును, వేసవి చివర పసుపు విత్తన కొమ్ములను కొనవలెను. పదవ తరగతి చదువుచున్న తమ్ముని కుమార్తెకు మీదటి చదువు ఖర్చును చూడవలెను. ఇంజను లేనిదే పైరు లేదు. సొమ్మంతయు ఇంజనుకే పెట్టినచో పైరు పెట్టుటకు అప్పే గతి. ఇట్టి సందర్భమున తప్పు తీర్పు చెప్పుట యనగా ఒక బిడ్డ చదువును పణముగా పెట్టుటయే గదా!

మేము యంత్రశాస్త్రము నేర్చినవారము కాము. అయినను ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో మేము నేర్చిన యొక పద్ధతి కలదు. తెలియని విషయమున ముందు అభిప్రాయము చెప్పక, వస్తువును పరిశీలించి, కొలిచి, వ్రాసికొని, పిదప నిశ్చయింపవలెననుటయే ఆ పద్ధతి. అవనిగడ్డలో నలువది యేండ్లుగా ఇంజనులు విప్పుచున్న యొక పెద్ద మెకానిక్కును పిలిపించితిమి. "బాగగునా, కాదా?" యని అడుగగా ఆయన నవ్వి, "మాస్టారూ, డాక్టరు నాడి చూడకుండ చెప్పడు గదా! విప్పి చూచినదాక నేను ఏమియు చెప్పను. విప్పిన కూలి యిచ్చిన చాలును, అటు పిమ్మట మీ యిష్టము" అనెను. ఈ మాట వినగానే ఆయనపై మాకు నమ్మకము కలిగెను.

ఇంజనులో ఏది అఱిగిన ఏమగునో తెలియవలెనన్న అది పనిచేయు విధమును కొంత తెలిసికొనవలెను. జర్మను శాస్త్రజ్ఞుడైన రుడాల్ఫ్ డీజిల్ 1897వ సంవత్సరమున ఆగ్స్‌బర్గు నగరమందు తన ఇంజనును జయప్రదముగా నడిపి చూపెను. 1900వ సంవత్సరపు పారిసు ప్రదర్శనలో ఇట్టి యొక ఇంజను మన వేరుసెనగ నూనెతో నడచినదనిన విద్యార్థులు ఆశ్చర్యపడుదురు. పెట్రోలు ఇంజనుకు వలె దీనికి నిప్పురవ్వ అక్కఱలేదు. పిస్టను గాలిని సుమారు పదునాఱవ వంతునకు కుదించును. ఆ కుదింపు చేతనే గాలి 500 డిగ్రీల సెంటీగ్రేడును మించి వేడెక్కును. ఆ వేడిగాలిలోనికి నాజిలు డీజిలును మంచువలె చిమ్మగా అది తనంతట మండును. కావున గాలి బయటికి పోకుండుటయే ఈ ఇంజనుకు ప్రాణము. సిలిండరు లోపలి లైనరు గాని, పిస్టను చుట్టునున్న రింగులు గాని అఱిగినచో గాలి జాఱిపోవును, వేడి చాలదు, ఇంజను లేవదు. క్రింది ఆయిలు పైకెక్కి మండుటచే నీలి పొగ వచ్చును.

ఇచట గమనింపదగిన ముఖ్యాంశమొకటి కలదు. లైనరు, పిస్టను, రింగులు, బేరింగులు, వాల్వులు, నాజిలు అఱుగుటకే యేర్పడినవి. అఱిగిన వానిని మార్చుకొనుటకు వీలుగనే ఇంజనును నిర్మించిరి. ఇంజను ఒళ్ళు, క్రాంకు షాఫ్టు, ఫ్లైవీలు నిలుచుటకు ఏర్పడినవి. ఇంగ్లండు దేశమందలి డర్స్‌లీ పట్టణమున లిస్టరు వారు 1930 ప్రాంతమున తయారుచేయ నారంభించిన నెమ్మది ఇంజనులు నిమిషమునకు ఆఱువందల చిల్లర చుట్లు మాత్రమే తిరుగుచు దశాబ్దములకొలది నిలిచినవి. ఆ నమూనాను గుజరాతులోని రాజకోట కర్మాగారములవారు అనుసరించిరి. అవి అంతకాలము మన్నుటకు కారణము వాని భాగములు అఱుగకపోవుట కాదు. అఱిగిన భాగమును పల్లెలోనే తీసి మార్చుకొనుటకు వీలుండుట. కావున "ఇంజను పాతదా?" యనునది సరియైన ప్రశ్న కాదు. "మార్చదగినవి అఱిగినవా, నిలువదగినవి చెడినవా?" యనునదే సరియైన ప్రశ్న.

మెకానిక్కు ఇంజనును విప్పి భాగములను గోనెపట్టాపై వరుసగా పేర్చెను. తమ్ముని కుమార్తె తన నోటుపుస్తకములో గీతలు గీసి, భాగము పేరు, ఉండవలసిన కొలత, ఉన్న కొలత, నిర్ణయము అని నాలుగు వరుసలు ఏర్పఱచెను. లైనరు లోపలి వ్యాసము 80 మిల్లీమీటర్లు ఉండవలసియుండగా, రింగులు రాపాడు పై భాగమున 80.22, అడుగున 80.05 ఉండెను. పై భాగమున ఎక్కువ అఱుగుటకు కారణమేమని మేము అడుగగా, ఆ బాలిక కొంత ఆలోచించి, "పెదనాన్నా, మంట అక్కడనే గదా మండునది!" అనెను. లైనరు, పిస్టను, రింగులు మార్చవలసినవని తేలెను. డీజిలు పంపులోని ప్లంజరు, బారెలు ఒకదానికొకటి సరిపోవునట్లు అతి సూక్ష్మముగా నూరబడిన జోడు. నీరు కలిసిన డీజిలు వలన వానిపై గీతలు పడెను గాన ఆ జోడును జోడుగనే మార్చవలసియుండెను.

పిమ్మట నిలువదగిన వానిని పరీక్షించితిమి. క్రాంకు షాఫ్టును విజయవాడ ఆటోనగరుకు కొనిపోయి కొలిపింపగా, అది యొకవైపు కొంచెము కోడిగ్రుడ్డు వలె అఱిగినదే గాని, అంతకు మున్ను ఎన్నడును సానపట్టబడలేదని తెలిసెను. పావు మిల్లీమీటరు సానపట్టి, దానికి సరిపోవు బేరింగులు వేసిన చాలునని అచటివారు చెప్పిరి. కనెక్టింగు రాడ్డు వంగలేదు. తమ్ముడు హ్యాండిలు ముట్టకపోవుట యొక్క ఫలమిదియే.

ఇక మిగిలినది ఇంజను ఒళ్ళు. మా భయమంతయు దాని మీదనే. పంపు తోడిన నీటిలో కొంత భాగము ఇంజను ఒంటిలోని గూడు గుండ పాఱి దానిని చల్లబఱచును. వేసవిలో నదిలో ప్రవాహము సన్నగిల్లగా సముద్రపు పోటు నీరు పైకి ఎగదన్నుట దివిసీమ వారందఱెఱిగినదే. ముప్పదియేండ్లు ఆ ఉప్పదనము త్రాగిన ఇనుము లోపల ఎట్లున్నదో పైకి కనబడదు. మెకానిక్కు లోపలి త్రుప్పును ఉప్పు పెచ్చులను గీకి తీసి, గోడలపై కిరసనాయిలు పూసి, కొంతసేపటికి శుభ్రముగా తుడిచి, సుద్దపొడి చల్లెను. పగులున్నచో అందు ఇంకిన కిరసనాయిలు సుద్దను తడిపి సన్నని గీతగా కనబడును. మేమందఱము ఊపిరి బిగపట్టి చూచుచుంటిమి. గీత కనబడలేదు. ఆయన చేతులు తుడుచుకొని, "మాస్టారూ, ఒళ్ళు గట్టిది. ఇక మీరు లెక్క వేసికొనుడు" అనెను.

లెక్క యిది. క్రొత్త ఇంజను వెలను 10 వంతులుగా భావించిన, పాతదానిని పూర్తిగా బాగుచేయించుటకు భాగములు, సానపట్టు కూలి, మెకానిక్కు కూలి అన్నియు కలిసి 4 వంతులగును. బాగుచేసినది 5 సంవత్సరములు తిరిగి విప్పనక్కఱలేక పనిచేయునని మెకానిక్కు అంచనా. క్రొత్తది 12 సంవత్సరములు చేయుననుకొందము. అప్పుడు పాతదానికి ఏటికి 0.8 వంతును, క్రొత్తదానికి ఏటికి సుమారు 0.83 వంతును పడును. అనగా ఇంచుమించు సమానమే! బాగుచేయించుట ఎల్లప్పుడును చవుక యనుకొనువారు ఈ సంగతిని గమనింపవలెను. మొదట పెట్టు సొమ్ము తక్కువయైనంత మాత్రమున వ్యయము తక్కువ కాదు. ఎన్ని యేండ్లకు పెట్టుచున్నామో దానిచే భాగింపవలెను.

అయితే మా వద్దనున్నది 10 వంతులే. అంతయు క్రొత్త ఇంజనుకు పెట్టినచో విత్తనమునకును చదువునకును కావలసిన 5 వంతులు అప్పు తేవలెను. ఊరిలో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ. ఏడాదికి నూటికి ఇరువది నాలుగు. అనగా మొదటి యేటనే 1.2 వంతు వడ్డీకి పోవును. ఈ యొక్క సంఖ్య త్రాసును ఒకవైపునకు దింపెను. పంట బాగుగా వచ్చిన యేట ఇదే ప్రశ్న వచ్చియుండిన, జవాబు మఱియొక విధముగా ఉండెడిదేమో!

వేఱు మార్గములను కూడ విచారించితిమి. 2004వ సంవత్సరము నుండి మన రాష్ట్రమున సేద్యపు మోటార్లకు ఉచిత విద్యుత్తు కలదు; కాని మా లంక చేనికి తీగ రాలేదు. 2019లో కేంద్ర ప్రభుత్వమువారు ఆరంభించిన కుసుమ్ పథకము క్రింద సౌర పంపులకు సహాయము లభించును. ఏటి వరదకు ఎదురుగా నున్న నేలపై పలకలు నాటుటకు తమ్ముడు ఇష్టపడలేదు. నిమిషమునకు మూడువేల చుట్లు తిరుగు తేలిక ఇంజనులు అంగళ్ళలో కలవు. ఎక్కువ వేగమున తిరుగునది త్వరగా అఱుగును. కాని ఇద్దఱు మనుష్యులు దానిని ఎత్తుకొని పోగలరు.

ఈ చివరి వాక్యమును మేము వ్రాయించుచుండగా బాలిక కలము ఆపి, "పెదనాన్నా, వరద మరల వచ్చినచో మన ఇంజనును ఎవరు ఎత్తుదురు?" అని అడిగెను. మేము, తమ్ముడు, మెకానిక్కు ఒకరి ముఖము నొకరము చూచుకొంటిమి. లైనరు కొలతను నూఱవ వంతు మిల్లీమీటరు వఱకు వ్రాసికొన్న ఆ పుస్తకములో నది పేరే లేదు! ఆ ప్రశ్నతో మా విచారణ సంపూర్ణమయ్యెను. ఇంజనును బాగుచేయించి, పంపుతో సహా రెండు చక్రముల బండిపై బిగించుటకు నిశ్చయించితిమి. బండికి ఒక వంతు పట్టెను. మొత్తము 5 వంతులు. మిగిలిన 5 వంతులు విత్తనమునకును చదువునకును నిలిచినవి. మా తల్లిగారు సంతోషించిరి గాని, వారి కన్నీటిని బట్టి ఈ తీర్పు చేయబడలేదని వారికి కూడ నెమ్మదిగా తెలియజెప్పితిమి. వారు చిరునవ్వు నవ్వి, "కారణమేదైన నేమి నాయనా, ఇంజను ఇంటనే యున్నది" అనిరి.

బాగుచేసిన ఇంజనును వెంటనే పూర్తి భారముతో నడుపరాదు. మొదటి దినములలో తేలిక పని ఇచ్చి, క్రొత్త రింగులు క్రొత్త లైనరుతో కుదురుకొనునట్లు చేయవలెను. హెడ్డు బోల్టులను మరల బిగింపవలెను. మొదటి ఆయిలును త్వరగా మార్చవలెను. గాలి జల్లెడను శుభ్రముగా నుంచవలెను. మా తమ్ముడు వీనినన్నిటిని పాటించెను. బాలిక వరదకు పూర్వమే యొకసారి సీసాతో కొలిచి, లీటరు డీజిలుతో ఇంజను 48 నిమిషములు నడచుట వ్రాసియుంచెను. బాగుచేసిన పిదప అదే పంపుతో, అదే గట్టున 61 నిమిషములు నడచెను. మొక్కజొన్నకు తడులు సకాలమున అందెను. 2025వ సంవత్సరపు వానకాలమున నది పెరుగుచున్నదని వినగానే తమ్ముడును పొరుగువారును బండిని ట్రాక్టరుకు తగిలించి అరగంటలో గట్టునకు చేర్చిరి. ఆ సారి నీరు చేనివఱకు రాలేదు. అయినను ఆ రాత్రి మా యింట అందఱును నిద్రపోయిరి.

మేము చేసినట్లే అందఱును చేయవలెనని మా యభిప్రాయము కాదు. ఒంటిలో పగులున్నను, క్రాంకు షాఫ్టు చివరి కొలత వఱకు సానపట్టబడినను, భాగములు దొరకని రకమైనను, చేయవలసిన పనియే మాఱిపోయినను క్రొత్తది కొనుటయే వివేకము. రాడ్డు వంగి, ఒళ్ళు పగిలిన ఇంజను గల మా పొరుగువారు క్రొత్తది కొనిరి; వారి తీర్పును సరియైనదే. ఒకే వరద, ఒకే లంక, ఒకే ప్రశ్న, జవాబులు రెండు. ఎవరి ఇంజను ఒళ్ళును వారు చూచుకొని, ఎవరి లెక్కను వారు వేసికొనిరి.

విద్యార్థులారా, మీరు తరగతిలో నేర్చు దశాంశములు, వ్యాసములు, వడ్డీ లెక్కలు పరీక్షకు మాత్రమే పనికివచ్చునని తలపవలదు. మీ యింట ఇట్టి ప్రశ్న పుట్టిన నాడు పెద్దల మాటలను ఆదరముతో వినుడు. ఒక కాగితము తెచ్చి గీతలు గీయుడు. కొలిచిన దానిని, అడిగి తెలిసికొన్న దానిని అందు వ్రాయుడు. వ్రాసిన పిమ్మట, ఆ కాగితమున ఏది వ్రాయబడలేదో దానిని గూర్చి యొక ప్రశ్న అడుగుడు. వయస్సు చిన్నదని అడుగుటకు సంకోచింపకుడు. మా యింట ఇంజను ఒళ్ళు గట్టిదని తేల్చినవాడు నలువది యేండ్ల అనుభవము గలవాడు. నదిని లెక్కలోనికి తెచ్చినది పదవ తరగతి బాలిక.